బీరువా తాళము

మా పాఠశాల గ్రంథాలయమున మూఁడు బీరువాలు గలవు. గత విద్యాసంవత్సరమున వాని సంరక్షణ భారమును ప్రధానోపాధ్యాయులవారు మా యిరువురకు నొప్పగించిరి. క్రిస్మసు సెలవుల నాఁటికి నాలుగు పుస్తకములు కనఁబడకపోయెను. మేము భయపడి బీరువాలకుఁ దాళములు వేసి, పేరు చెప్పి యడిగినవారికి మాత్రమే పుస్తకము తీసి యిచ్చుచుంటిమి. నాఁటినుండి యొక్క పుస్తకమైనను పోలేదు. అందులకు మేము మిక్కిలి గర్వించితిమి.

వేసవి సెలవులైన పిమ్మట తాళములు తీసి చూడఁగా, క్రింది యరలోని పదునొకండు పుస్తకములను చెదలు తినివైచి యుండెను. చిట్టా చూచితిమి. తాళము వేసిన పిదప వానిలో నొక్కదానినైనను ఎవరును అడిగియుండలేదు. కంటికిఁ గనఁబడని పుస్తకమును పేరు పెట్టి యడుగువారెవరు?

సిగ్గుపడి మా తెలుఁగు పండితులవారికి విన్నవించుకొంటిమి. వారు కోపింపక, పెద్ద విద్యాలయముల గ్రంథాలయములు ఇట్టి చిక్కునందు ఏమి చేసినవో తెలిపిరి. ఆక్సుఫర్డునందలి బోడ్లియను గ్రంథాలయము 1602 లోఁ దెఱవఁబడినది. నిప్పు లోనికిఁ దేనని పాఠకుఁడు ప్రమాణము చేయవలెను. గ్రంథము బయటికిఁ బోరాదు. 1645 లో మొదటి చార్లెసు రాజు ఒక గ్రంథమును ఎరువడుగఁగా, నియమము చూపి యీయ నిరాకరించిరి. ఐనను లోనఁ గూర్చుండి చదువుటకు అడ్డు లేదు. మన దేశమున, 1924 లోఁ జెన్నపురి విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారియైన రంగనాథన్ గారు, పాఠకులు తామే అరల నడుమఁ దిరిగి పుస్తకములు చూచుకొను పద్ధతిని నెలకొల్పిరి. పుస్తకములున్నది ఉపయోగమునకే యనునది 1931 లో వారు ప్రకటించిన పంచసూత్రములలో మొదటిది. కొన్ని పుస్తకములు పోవచ్చునని వారెఱుఁగుదురు. చదువువారు లేకపోవుట యంతకంటె గొప్ప నష్టమని యెంచిరి.

"అయ్యా, ఈ రెండింటిలో మేము దేని ననుసరింపవలెను?" అని యడిగితిమి.

"నాయనలారా! పోయినచో మరలఁ గొనఁదగిన దానిని తెఱచి యుంచుఁడు. మరల దొరకని దానిని మీ యెదుటఁ గూర్చుండఁబెట్టి చదివింపుఁడు. ఎవరును చదువకుండ మాత్రము దేనిని మూయకుఁడు" అని సెలవిచ్చిరి.

ప్రస్తుతము రెండు బీరువాలు తెఱచియే యున్నవి. పాత సంచికలును, ఇపుడు అచ్చులో దొరకని గ్రంథములును మూఁడవదానిలో నుండును. వానిని మా బల్లయొద్దనే చదువవలెను. నెలకొకసారి యన్నిటిని దించి దులుపుచున్నాము. చిట్టాలో నిపుడు పేజీలు త్వరగా నిండుచున్నవి.

ఈ సంవత్సరము రెండు పుస్తకములు పోయినవి, లెక్కలో వ్రాసికొంటిమి. ఆ రెండును, మొదటి నాలుగును ఏ సోదరునియొద్ద నున్నను, చదువుట ముగిసిన పిమ్మట మా బల్లమీఁద నుంచి పోవలెనని ప్రార్థించుచున్నాము. మేమేమియు నడుగము.