తూచి పంచిన కాలము

నేను నివసించు ఈ ఆంగ్లపట్టణమున మా ప్రక్కయింటి వృద్ధురాలు, తన తల్లి వాడిన రేషను పుస్తకమును నేటికిని పెట్టెలో భద్రపరచుకొని యున్నది. రెండవ ప్రపంచయుద్ధమును గూర్చి ఆమె చెప్పు సంగతులలో బాంబులకన్న వెన్న, పంచదారల ప్రస్తావనయే అధికము.

ఓడలపై వచ్చు ఆహారమే ఆధారముగా గల బ్రిటను ద్వీపమునకు సముద్రమార్గమున జర్మను జలాంతర్గాములు పొంచియుండగా, ఉన్నదానిని తూచి పంచుట తప్ప గత్యంతరము లేక, 1940 జనవరి 8వ తేదీన వెన్న, పంచదార, బేకనులతో రేషను ప్రారంభమయ్యెను. ప్రతి కుటుంబమును ఒక అంగడిలో పేరు నమోదు చేయించుకొని, కూపను చూపి, బారులో నిలిచి సరకు తెచ్చుకొనవలెను. ఆ యేటి జులైనుండి తేయాకు మనిషికి వారమునకు రెండు ఔన్సులు, అనగా మన ఐదు తులములకు లోపు. మాంసమును మాత్రము తూకముచే గాక వెలచే కొలిచిరి గనుక, చౌకభాగము కొన్న ఇల్లాలికి రెండు ముక్కలు ఎక్కువే దక్కెడివి. గర్భిణులకును, పాలిచ్చు తల్లులకును, ఐదేండ్లలోపు శిశువులకును ఆకుపచ్చని పుస్తకమిచ్చి పాలు, నారింజలు ముందుగా వారికే చేర్చిరి. శాకాహారులు మాంసపు కూపనులు వదలుకొన్నచో చీజు అదనముగా లభించెడిది. అంతటి సంకటమునందును ఒకని ఆహారనియమమును మన్నించిన ఆ తీరు, శాకాహారగృహమున పుట్టిన నన్ను మిక్కిలి కదలించినది.

లోపములు లేకపోలేదు. ధనికులు హోటళ్లలో కూపను లేకయే భుజించుచుండగా, 1942లో భోజనపు వెల ఐదు షిల్లింగులు మించరాదని కట్టడి చేయవలసివచ్చెను. యుద్ధకాలమంతయు రేషను లేకయే దొరికిన రొట్టెకు, విజయానంతరము 1946 జులైలో, రేషను వచ్చెను! మిఠాయిలపై నిర్బంధము 1953 ఫిబ్రవరిలో తొలగిననాడు తమ్మునికై కొనితెచ్చిన పొట్లమును ఆ వృద్ధురాలు ఇంకను తలచుకొనును. మాంసమునకు విముక్తి 1954 జులైలో గాని కలుగలేదు.

ఈ పంపకమును నేను హృదయపూర్వకముగ గౌరవింతును. కాని ఆ గౌరవము వెంటనే ఒక వేదన నన్ను పట్టుకొనును. 1942లో బర్మా జపానుకు వశమై అచ్చటి బియ్యము నిలిచిపోయెను. రంగూనులో పొట్టపోసికొనుచుండిన మన తెలుగు కూలీలు ఎందరో అడవులబడి కాలినడకను మరలివచ్చిరి. మరుసటి యేట వంగదేశమున బియ్యపు ధర పేదవాని చేతికందక పోగా, క్షామమున సుమారు ముప్పది లక్షల ప్రాణములు పోయినవని అంచనా. ధాన్యపు ఓడలకై భారతమంత్రి లియో ఎమరీ చేసిన విన్నపములకు, లండనులోని యుద్ధమంత్రివర్గము అడిగినంత ఒసగలేదు. కలకత్తాలో రేషను 1944 జనవరి చివరకు గాని అమలునకు రాలేదు. ఔన్సులు లెక్కించి పసిబిడ్డ పాలకు పూచీపడిన ఏలుబడియే, తన పాలనలోని వేరొక తల్లి బిడ్డకు గింజల లెక్క చూడలేదనుట నాకు సహింపరానిది.

ఇచ్చటి బడిలో మా మనుమరాలు అట్టముక్కతో రేషను పుస్తకము చేసి తెచ్చినది. చక్కని పాఠమే. అదే వారమున వంగదేశపు 1943ను గూడ పిల్లలకు చెప్పవలసినదని ఉపాధ్యాయురాలికి లేఖ వ్రాసితిని. పిలిచినచో నేనే వచ్చి చెప్పెదనని చివర చేర్చితిని.