హుకుందార్!



మన హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేసినప్పుడు ముందు వద్దన్నాను. పదో తరగతిలో నాకు తెలుగులో వచ్చిన మార్కులు ఇక్కడ చెప్పను గానీ, రాయడం నాకు రాదు. "మీ ఉద్యోగం ఏమిటో పిల్లలకు చెప్పండి చాలు, ఎవరికీ అర్థం కావడం లేదు" అన్నారాయన. నిజమే. మా అమ్మకు కూడా అర్థం కాలేదు. ఊళ్ళో ఎవరైనా అడిగితే "మావోడు కంప్యూటర్లకి కాపలా కాత్తాడు" అని చెబుతుంది. ఇరవై స్లైడ్లు వేసి నేను చెప్పేది కూడా దాదాపు అదే.

కాపలా మా ఇంట్లో కొత్త పనేమీ కాదు.

మాది పశ్చిమ గోదావరి జిల్లాలో ఓ చిన్న ఊరు. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు, మీరూ వినే ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకూ ఆ ఊరి నుండి జనం వెళ్ళారు. మా ఊరికి అంత పేరు లేదు. మా పేట నుండి మాత్రం ముగ్గురు వెళ్ళారు, ఇద్దరు తిరిగొచ్చారు. ఆ ఇద్దరిలో ఒకరు మా తాత. 1942లో పయనీర్ కోర్‌లో చేరాడు. అంటే తుపాకీ కంటే పార ఎక్కువగా పట్టుకునే సైన్యం అన్నమాట. దిమాపూర్ నుండి ఇంఫాల్ దాకా, అక్కడి నుండి బర్మా వైపు కొండల్లో రోడ్లు బాగుచేయడం, వానకు కొండ విరిగి పడితే మట్టి ఎత్తిపోయడం, లారీల్లోంచి పెట్టెలు దించడం. 1944లో జపాను సైన్యం ఇంఫాల్‌ను చుట్టుముట్టినప్పుడు తాత లోపలే ఉన్నాడు. సరుకులు విమానాల్లో వచ్చేవట, రేషను తగ్గించేశారట. అందుకేనేమో, మా ఇంట్లో ఎవరైనా మెతుకు కింద పడేస్తే ఆయన ఊరుకునేవాడు కాదు.

సెలవులకు ఇంటికి వెళ్తే నులక మంచం మీద ఆయన పక్కన పడుకుని వినే కథ ఒకటుంది. రాత్రి, వాన. సరుకుల డంపు దగ్గర సెంట్రీ డ్యూటీ. చీకట్లో ఎవరో నడిచొస్తున్నారు. తాత తుపాకీ ఎత్తి, "హాల్ట్! హుకుందార్?" అని అరిచాడు. ఆ రోజుకు ఇచ్చిన గుర్తు మాట వచ్చినవాడు చెప్పలేదు. కోపంగా ఇంగ్లీషులో ఏదో అన్నాడు. గొంతు తెలిసిందే, రోజూ చూసే కెప్టెన్ దొరే! అయినా తాత జరగలేదు. గార్డు కమాండర్ వచ్చేదాకా దొరని వానలో నిలబెట్టాడు. తెల్లారాక శిక్ష తప్పదనుకున్నాడు. ఆ దొర వరుసలో అందరి ముందూ "షాబాష్" అన్నాడట. ఆ ఒక్క మాట తాత పోయేదాకా చెప్పుకున్నాడు.

హుకుందార్ అంటే హుకుం ఇచ్చేవాడేమో అని చాలాకాలం అనుకున్నాను. అది ఇంగ్లీషు "హూ కమ్స్ దేర్" అని, సిపాయిల నోట్లో నలిగి అలా తయారైందని ఉద్యోగంలో చేరాక ఎక్కడో చదివి ఒక్కడినే నవ్వుకున్నాను. "ఎవరక్కడ?" అని అర్థం.

1946లో తాత ఊరికి తిరిగొచ్చాడు. కెప్టెన్ని ఆపిన మనిషి టీ కొట్టు బయట నిలబడి, వేరేగా పెట్టిన గ్లాసులో తాగి, తానే కడిగి బోర్లించి వచ్చేవాడు. కొత్తవాళ్ళు ఎదురైతే "ఎవడ్రా నువ్వు? ఏ పేట?" అని అడిగేవారు. చిన్నప్పుడు నన్నూ అలాగే అడిగారు. ఆ ప్రశ్న వినగానే మెడ దానంతటదే వంగిపోతుంది, మీలో చాలామందికి తెలుసు. మా పేట మనిషి దొరని అడిగినదీ, ఊరు మా పేటని అడిగినదీ ఒకే ప్రశ్న అన్న సంగతి నాకు తట్టడానికి ముప్పై ఏళ్ళు పట్టింది.

మన వరండాలో ఉన్న అంబేద్కర్ గారి పటం చూస్తూ పెరిగాం గదా, ఆయన కూడా సిపాయిల ఇంటి బిడ్డే. తాత సైన్యంలో చేశాడు, తండ్రి రామ్‌జీ సుబేదారు. 1891లో ఆయన పుట్టిన మౌ ఒక సైనిక కంటోన్మెంట్. ఆ తర్వాత కొద్ది కాలానికే మహార్లను సైన్యంలో చేర్చుకోవడం ఆపేశారు. మళ్ళీ మహార్ రెజిమెంట్ ఏర్పడింది 1941లో. మా తాతకు ఈ చరిత్ర తెలియదు. డిశ్చార్జి పుస్తకంలో తన సంతకం ఇంగ్లీషులో ఉందని మాత్రం అందరికీ చూపించేవాడు. ఆ సంతకం సైన్యంలోనే నేర్చుకున్నాడు.

మా పెదనాన్న సిగ్నల్స్‌లో చేరాడు. జబల్పూర్‌లో ట్రైనింగ్. 1971 యుద్ధంలో ఎక్కడ ఉన్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉత్తరాల మీద ఊరి పేరు ఉండదు, 56 ఏపీఓ అని మాత్రం ఉంటుంది. సెలవు మీద వచ్చాక మా నాయనమ్మ "ఎక్కడున్నావురా అయ్యా?" అంటే "56 ఏపీఓలో ఉన్నానమ్మా" అనేవాడట. అవసరం లేనివాళ్ళకు అవసరం లేని సంగతి చెప్పకూడదని ఇప్పుడు కంపెనీలు లక్షలు ఖర్చుపెట్టి నేర్పిస్తున్నాయి. నేనూ ఆ పాఠం చెప్పే జీతమే తీసుకుంటున్నాను.

మా నాన్న ఛాతీ కొలతలో పోయాడు, కూలీ పనిలో ఉండిపోయాడు. అందుకే నేను హాస్టలుకు వచ్చాను. నేనూ 2003లో ర్యాలీకి వెళ్ళాను. పరుగు పాసయ్యాను, కళ్ళ దగ్గర పోయాను. తాత ఏమీ అనలేదు. మంచం మీద అటు తిరిగి పడుకున్నాడు. మరుసటి ఏడాది పోయాడు. ఎంసీఏ చేసినా, హైదరాబాదులో ఉద్యోగం వచ్చినా, ఆ అటు తిరిగిన వీపు నన్ను చాలాకాలం వదల్లేదు.

ఇక అసలు సంగతి. ఇది ఇంతవరకూ మన హాస్టల్ మిత్రులకు కూడా చెప్పలేదు.

2009లో ఓ కంపెనీ హెల్ప్‌డెస్క్‌లో రాత్రి షిఫ్టు చేసేవాడిని. పాస్‌వర్డ్ మర్చిపోయామని ఫోన్ చేసినవాళ్ళకు కొత్తది ఇవ్వడం నా పని. ఇచ్చేముందు మూడు ప్రశ్నలు అడగాలి, అది రూలు. ఓ రాత్రి రెండు గంటలకు ఫోన్ వచ్చింది. గంభీరమైన గొంతు, గలగలా ఇంగ్లీషు. ఫలానా డైరెక్టర్ని, విమానం ఎక్కబోతున్నాను, పాస్‌వర్డ్ పనిచేయడం లేదు, వెంటనే మార్చు అన్నాడు. మొదటి ప్రశ్న అడగబోతే "నేనెవరో తెలుసా నీకు?" అని గద్దించాడు. అంతే. "ఎస్ సార్, ఎస్ సార్" అంటూ కొత్త పాస్‌వర్డ్ చెప్పేశాను. కుర్చీలోంచి లేచి నిలబడి చెప్పాను, అది ఇంకా సిగ్గు.

తెల్లారేసరికి ఆ డైరెక్టర్ పేరుతో ఎకౌంట్స్ విభాగానికి మెయిల్ వెళ్ళింది, ఫలానా ఖాతాకు డబ్బు పంపమని. అక్కడ ఒక మేడం గారు అనుమానం వచ్చి ఆయన సెల్‌కు నేరుగా ఫోన్ చేసి అడిగారు. ఆయన ఇంట్లో నిద్రపోతున్నారు! డబ్బు పోలేదు. ఉద్యోగం పోతుందనుకున్నాను, అదీ పోలేదు. మేనేజరు గారు ఒక్కటే అడిగారు. "మూడు ప్రశ్నలు ఎందుకు అడగలేదు?"

జవాబు చెప్పలేకపోయాను. ఇన్‌స్పెక్షన్‌కు పెద్ద ఆఫీసరు వచ్చినప్పుడు మనం వరుసగా నిలబడి, నీళ్ళ పప్పు గురించి అడిగినా "బాగుంది సార్" అనేవాళ్ళం గదా! ఆ గొంతు వినిపిస్తే చేతులు కట్టుకోవడం అలవాటైపోయింది. ఆ సంగతి మేనేజరు గారికి ఏ భాషలో చెప్పాలి?

ఆ రోజు రూముకు వచ్చి పడుకుంటే తాత కథలో నేనెప్పుడూ పట్టించుకోని ముక్క గుర్తొచ్చింది. "భయమేసిందిరా అబ్బీ. కాళ్ళు వణికినాయి. అయినా అడిగాను. అడగమని ఆర్డరు" అనేవాడు. ఆ ఆర్డరు అందరికీ ఒకటే కాబట్టి సిపాయి కెప్టెన్ని ఆపగలిగాడు. రూలును పక్కన పెడితే నష్టపోయేది చిన్నవాడే. మరుసటి నెల నుండి సెక్యూరిటీ పుస్తకాలు కొని చదవడం మొదలుపెట్టాను.

ఇప్పుడు నేను చేసే పని ఇది. ఒక గదిలో తెరల ముందు మా బృందం మూడు షిఫ్టుల్లో కూర్చుంటుంది. ఎవరు ఎప్పుడు ఎక్కడి నుండి లోపలికి వచ్చారో కంప్యూటర్లు రాసి పెడతాయి, వాటిని లాగులు అంటాం. తేడా కనిపిస్తే అలారం వస్తుంది. ఎక్కువ అలారాలు ఉత్తవే, ఎవరో మూడుసార్లు పాస్‌వర్డ్ తప్పు కొట్టి ఉంటారు. విసుగు పుడుతుంది. ఆ విసుగులోనే అసలుది జారిపోతుంది. 2017 మే 12న వాన్నక్రై అనే వైరస్ ప్రపంచమంతా పాకింది. బ్రిటన్‌లో ఆసుపత్రులు రోగులను వెనక్కి పంపాయి, మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలో కొన్ని కంప్యూటర్లకు కూడా సోకింది. దానికి మందు మైక్రోసాఫ్ట్ మార్చిలోనే ఇచ్చింది. రెండు నెలలపాటు వేసుకోనివాళ్ళే ఎక్కువ దెబ్బతిన్నారు. 2022లో కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ కొత్త ఆదేశాలు ఇచ్చింది, దాడి జరిగినట్టు తెలిసిన 6 గంటల్లో చెప్పాలి, లాగులు 180 రోజులు దాచాలి అని. మా తాత గార్డు రిజిస్టరు ఎన్నాళ్ళు దాచేవారో!

ఒక తప్పు ఒప్పుకోవాలి. చాలా ఏళ్ళు నా పాస్‌వర్డ్ మా తాత ఆర్మీ నంబరే. మా ఇంటిల్లిపాదికీ ఆ నంబరు కంఠతా. అందరికీ వద్దని చెప్పే పని నేనే చేస్తున్నానని తెలిశాక మార్చేశాను గానీ, ఆ రోజు మనసు బాగాలేదు.

పోయిన ఏడాది మన హాస్టల్లో ఉంటూ ఇంటర్ చదువుతున్న ఒక తమ్ముడికి ఫోన్ వచ్చింది. స్కాలర్‌షిప్ ఆఫీసు నుండి అన్నారు. వివరాలు సరిపోలేదు, ఓటీపీ చెప్పకపోతే ఆపేస్తాం అన్నారు. చెప్పాడు. ఖాతాలో ఉన్న ఆరు వేల చిల్లర పోయింది. సిగ్గుతో నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. వెంటనే 1930కి ఫోన్ చేసి ఉంటే డబ్బు ఎక్కడో ఒకచోట ఆగే అవకాశం ఉండేది. నాలుగు రోజుల్లో అది చేతులు మారిపోతుంది. పాత విద్యార్థులం తలా కొంచెం వేసి ఇచ్చాం. అది పెద్ద విషయం కాదు. వాడు నాతో ఫోన్లో అన్నది విని నిద్ర పట్టలేదు. "ఆఫీసరు అన్నాడన్నా, ఎలా అడుగుతాం?"

ఆ ఆదివారమే బస్సెక్కి వచ్చాను. స్టడీ అవర్‌లో అందరినీ కూర్చోబెట్టి ఉపన్యాసం మానేసి నాటకం వేయించాను. నేను ఆఫీసర్ని, ఒక్కొక్కరు ఫోన్ ఎత్తాలి. ఎదురు చెప్పాల్సిన మాట ఒక్కటే. "సార్, మీ పేరు, ఆఫీసు చెప్పండి. వార్డెన్ గారిని అడిగి నేనే మళ్ళీ చేస్తాను." మొదటి ఏడుగురు నా గొంతు పెరగగానే అంకెలు చెప్పేశారు. ఎనిమిదోవాడు ఎనిమిదో తరగతి బుడ్డోడు. కళ్ళు మూసుకుని, ఊపిరి బిగబట్టి మొత్తం వాక్యం ఒప్పజెప్పేశాడు. హాలంతా చప్పట్లు. పొయ్యి మీద కూర వదిలేసి వంట మనిషి కూడా వచ్చి చూసింది.

తర్వాత ఆ డబ్బు పోయిన తమ్ముడు లేచి, "అన్నా, ఈసారి ఆఫీసర్ని నేను చేస్తాను" అన్నాడు. ఫోను చెవిన పెట్టుకున్నాడు. ఆ రోజు తనతో అన్న ప్రతి మాటా గుర్తుంది వాడికి. ఎక్కడ మెత్తగా మాట్లాడారో, ఎక్కడ గద్దించారో, అన్నీ అలాగే చేశాడు. "నేనెవరో తెలుసా?" అన్నప్పుడు నా చెయ్యి కుర్చీ పిడి మీదికి వెళ్ళింది, లేచి నిలబడడానికి.

పిల్లలు చూస్తున్నారు. కూర్చునే, పేరూ ఆఫీసూ చెప్పమని అడిగాను.