క్విజ్ పుస్తకం వెనక పేజీలు

మే 26, 2024

హైదరాబాదులో మా పార్కులో ఆదివారం సాయంత్రాల క్విజ్ ఈ వేసవికి నా వంతు. ఇన్నాళ్లూ నడిపిన పెద్దాయన కూతురి దగ్గరికి వెళ్తూ ప్రశ్నల కట్ట నా చేతిలో పెట్టారు. సగం ప్రశ్నల్లో ‘ఆసియాలోకెల్లా’ ఉంది, మిగతా సగంలో ‘ప్రపంచంలోకెల్లా’. ఇలాంటి ప్రశ్నలకు ఆయుష్షు తక్కువ. రాజమండ్రి రైలు-రోడ్డు వంతెన 1974లో వచ్చింది. పొడవులో ఆసియాలో రెండోదని మా తరమంతా వల్లె వేశాం. 2018 డిసెంబరులో బ్రహ్మపుత్ర మీద దాదాపు 5 కిలోమీటర్ల బోగీబీల్ వంతెన తెరిచారు. ఆ జవాబు కాస్తా పాతబడింది.

ప్రశ్న మార్చి అడిగాను: ఆ రాజమండ్రి వంతెన కన్నా ముందు గోదావరిని రైల్లో దేని మీద దాటాం? హేవ్‌లాక్ వంతెన. 1900లో మొదలై 1997 దాకా రైళ్లను మోసింది. కాకినాడ వదినగారు ఠక్కున చెప్పారు. ఆ వెంటనే ఎవరూ అడక్కుండానే, రైలు కిటికీలోంచి గోదారమ్మకు డబ్బులు వేసిన కథలు మొదలయ్యాయి. రెండో ప్రశ్నకు వెళ్లేసరికి దీపాలు వెలిగాయి.

మే 29

పేర్లు అడగకూడదని నిర్ణయించుకున్నాను. డెబ్బై దాటాక ముందు జారిపోయేవి పేర్లే. మనిషి ముఖం, ఊరు, ఆయన ఇంట్లో తిన్న కూర, అన్నీ గుర్తుంటాయి, పేరు మాత్రం నాలిక చివర ఆగిపోతుంది. దానికి పదిమంది ముందు పరీక్ష పెట్టడం మర్యాద కాదు. గంట కొట్టడం కూడా మానేస్తాను.

జూన్ 2

ఈరోజుతో తెలంగాణకు పదేళ్లు. హైదరాబాదు ఉమ్మడి రాజధానిగా ఉండే గడువు కూడా ఈరోజుతోనే తీరింది. ఎల్లుండి ఓట్ల లెక్కింపు. అందరి చెవులూ ఫోన్ల మీదే ఉన్నాయి కాబట్టి సులువైనది అడిగాను: మీ చిన్నప్పుడు రాష్ట్రంలో ఎన్ని జిల్లాలు?

నాలుగు జవాబులు వచ్చాయి. నాలుగూ సరైనవే. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడినప్పుడు ఆంధ్రవి 11, తెలంగాణవి 9, వెరసి 20. 1970లో ఒంగోలు జిల్లా వచ్చి 21 అయింది, తర్వాత దానికే ప్రకాశం పేరు పెట్టారు. 1978లో రంగారెడ్డితో 22. 1979లో విజయనగరంతో 23. ఎవరు ఎంత చెప్పారో వింటే వాళ్లు ఏ ఏడు బడిలో ఉన్నారో తెలిసిపోతుంది. వయసు అడగడానికి ఇంతకన్నా మర్యాదైన పద్ధతి లేదు.

కర్నూలాయన మాత్రం ఒప్పుకోలేదు. ‘పదకొండు జిల్లాల ఆంధ్రరాష్ట్రం మాది, రాజధాని మా ఊరు’ అన్నారు. నిజమే. 1953 అక్టోబరు 1 నుంచి మూడేళ్ల పాటు కర్నూలే రాజధాని. హైకోర్టు గుంటూరులో పెట్టారు. ఆయన మధ్యాహ్నం మందు వేసుకున్నదీ లేనిదీ భార్యను అడుగుతారు. ఆ పదకొండూ మాత్రం శ్రీకాకుళం దగ్గర మొదలుపెట్టి చిత్తూరు దాకా ఒక్క ఊపిరిలో అప్పజెప్పారు.

ఇప్పుడెన్ని జిల్లాలని మాత్రం నేను అడగను.

జూన్ 8

మృగశిర. నాంపల్లిలో చేప ప్రసాదానికి జనం బారులు తీరి ఉన్నారని టీవీలో చూపించారు. ఇక్కడివాళ్లు ఈరోజు చేప తింటారు. చేప తిననివాళ్లు ఇంగువ బెల్లం మింగుతారు. రేపటికి ప్రశ్న దొరికింది: ఇంగువ ఏ చెట్టుది, ఎక్కడ పండుతుంది?

మన పప్పుచారులో, పులిహోరలో లేకపోతే నడవని ఈ ఇంగువ, అఫ్గానిస్తాన్, ఇరాన్, ఉజ్బెకిస్తాన్‌లలో పెరిగే ఒక మొక్క వేళ్ల నుంచి కారే పాలు. చలి కొండల మొక్క. మన దేశంలో నాటి చూడటం 2020 అక్టోబరులో, హిమాచల్‌లోని లాహౌల్ లోయలో మొదలైంది. ప్రపంచంలో దీన్ని అందరికన్నా ఎక్కువ తినేది మనమే. అయ్యో, నేనూ ఆ ‘ప్రపంచం’లోనే పడ్డాను.

జూన్ 9

ఇంగువ ప్రశ్న రెండు నిమిషాల్లో అయిపోయింది. గొడవంతా తూకాల దగ్గర.

వీశెకు ఎన్ని తులాలు అని అడిగాను. కాకినాడ వదినగారు, నెల్లూరాయన ఒకే గొంతుతో నూట ఇరవై అన్నారు. వీశెకు ఐదు సేర్లు, ఎనిమిది వీశెలు మణుగు. అంటే సేరు ఇరవై నాలుగు తులాలు. కరీంనగర్ అన్న లేచి నిలబడ్డారు. ‘గదేం సేరు చెల్లే? మా సేరు ఎనభై తులాలు.’ నెల్లూరాయనకు నవ్వాగలేదు. అన్నకు కోపం ఆగలేదు.

ఇద్దరిదీ నిజమే. మద్రాసు రాజ్యంలో తూకం ఒకటి, నిజాం రాజ్యంలో ఇంకొకటి. మద్రాసు సేరు ఇప్పటి లెక్కలో 280 గ్రాములు. హైదరాబాదు సేరు 930 పైమాటే. 1958లో కిలోలు వచ్చి, 1962కల్లా అంతటా తప్పనిసరి అయ్యాక ఈ జగడం కొట్లలో ఆగింది కానీ తలల్లో ఆగలేదు. కొలత సంగతి వేరు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక అని వదినగారు మొదలుపెట్టగానే ఆడవాళ్లంతా గొంతు కలిపారు.

ఇంకో సంగతి ఎవరూ గమనించడం లేదు. బంగారం కొట్టులో ఇప్పుడు తులమంటే 10 గ్రాములని వాడేస్తున్నారు. అసలు తులం 11.66 గ్రాములు.

జూన్ 13

పాత కట్టలో ఒక ప్రశ్న: తొలి తెలుగు టాకీ విడుదల తేదీ? ‘భక్త ప్రహ్లాద, 1931 సెప్టెంబరు 15’ అని జవాబు రాసి ఉంది. మనం చదువుకున్నదీ అదే. తర్వాత పాత్రికేయులు రెంటాల జయదేవ పాత పత్రికలు, సెన్సారు కాగితాలు తిరగేసి అసలు తేదీ 1932 ఫిబ్రవరి 6 అని, అదీ బొంబాయిలో విడుదలైందని నిరూపించారు. ఎనభై ఏళ్ల మనిషి 1931 అంటే తప్పు కొట్టమంటారా? నేను కొట్టను. మార్కు ఇచ్చి కథ చెబుతాను.

జూన్ 16

ఈ వేసవిలో నేను వేసిన వాటిలో మంచి ప్రశ్న ఇదే అనుకుంటున్నాను.

శ్రీనాథుడు భోజనప్రియుడని అందరికీ తెలుసు. కొండవీటి రెడ్డిరాజుల కొలువులో విద్యాధికారి. ఆయన విస్తట్లో వీటిలో ఏవి ఉండేవి: మిరపకాయ బజ్జీ, టమాటా పప్పు, బంగాళాదుంప వేపుడు, వేరుశనగ పచ్చడి, జీడిపప్పు వేసిన పాయసం, చివర జామపండు?

బజ్జీ ఉండి తీరుతుందని అందరూ ఓటేశారు. కొండవీడంటే గుంటూరు పక్కనే కదా! కానీ ఒక్కటీ లేదు. ఇవన్నీ అమెరికా ఖండాల పంటలు. కొలంబస్ అటు ఓడ ఎక్కింది 1492లో. వాస్కో డ గామా కోజికోడ్‌లో దిగింది 1498లో. మిరప పోర్చుగీసు ఓడల్లో వచ్చి మన తీరం చేరింది ఆ తర్వాతే. అప్పటికి శ్రీనాథుడు పోయి కొన్ని దశాబ్దాలు. మిరప యార్డుతో దేశమంతా పేరున్న గుంటూరు సీమలో బతికి, మిరపకాయ కొరకకుండానే పోయాడు మహానుభావుడు. ఆయన కారం మిరియాలది, అల్లానిది, ఆవాలది, పిప్పళ్లది.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తర్వాత కడప అక్కయ్య ‘మరి మా తద్దినం వంటలో మిరపకాయ వెయ్యం, మిరియాలే. అందుకేనా?’ అన్నారు.

ఆ కోణం నాకు తట్టనే లేదు. ఒక్కొక్కరినీ వాళ్ల ఇంటి వంట అడిగాం. అరటికాయ, కాకరకాయ, పొట్లకాయ, కంద, చేమదుంప, నువ్వులు, మినప గారెలు. టమాటా, బంగాళాదుంప, క్యాబేజీ, కాలీఫ్లవర్ రానివ్వరు. ఎందుకని వంటవాళ్లను ఎప్పుడు అడిగినా ‘పనికిరాదు’ అనే చెప్పేవారు తప్ప కారణం చెప్పేవారు కాదట. ఓడలు రాకముందు మన తోటల్లో ఏముండేదో ఆ ఒక్క రోజు వంటిల్లు గుర్తుపెట్టుకుంది.

జూన్ 18

నిన్నంతా ఫోన్లు. ఆ తద్దినం వంట లెక్క పూర్తిగా కుదరదని నెల్లూరాయన వాదన. ములగ ఈ దేశపుదే, చాలా ఇళ్లలో తద్దినానికి వాడరు. వంకాయా ఇక్కడిదే, కొన్ని ఇళ్లలో నిషేధం. సరే, ఉల్లి తద్దినానికి పనికిరాదన్న సంగతి అందరికీ తెలిసిందే. కాబట్టి కొత్తవన్నీ బయట, పాతవన్నీ లోపల అని గీత గీయలేం. ఆచారం ఇంటింటికీ మారుతుంది. అయినా మిరప, టమాటా, బంగాళాదుంప మూడూ గుమ్మం దగ్గరే ఆగడం ఉత్తినే జరగదని నా నమ్మకం.

జూన్ 23

వాన. నలుగురమే వచ్చాం. యానాం ఏ రాష్ట్రం అని అడిగితే వదినగారు ‘మా కాకినాడ పక్కనే’ అని ఊరుకున్నారు. చుట్టూ ఆంధ్ర, ఏలుబడి పుదుచ్చేరిది. 1954లో ఫ్రెంచివాళ్లు వదిలిన నాలుగు ముక్కల్లో ఇదొకటి. పుదుచ్చేరి, కారైకాల్ తమిళ తీరంలో ఉన్నాయి. మాహే అయితే ఏకంగా అరేబియా సముద్రం ఒడ్డున, కేరళ నడుమ. మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాం, శ్రీనాథుణ్ని తలుచుకుని.

జూన్ 30

2011లో ఇదే తేదీతో పావలా చెల్లుబాటు ఆగిపోయింది. బ్యాంకు కౌంటర్లో ముప్పై ఏళ్లు చేశాను కనుక ఈ వారం డబ్బుల వారం.

రూపాయికి 16 అణాలు, అణాకు 4 కానులు, రూపాయికి 64. రెండణాలు బేడ, నాలుగణాలు పావలా. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు వచ్చి రూపాయికి 100 అయ్యాయి. ఆ ఏడు సంతలో అణాలు పైసల్లోకి మార్చలేక పడ్డ అవస్థలు కథలు కథలుగా చెప్పారు. చిల్లు కానీ అందరికీ గుర్తుంది. రెండో ప్రపంచ యుద్ధంలో లోహం మిగుల్చుకోవడానికి 1943లో నడుమ చిల్లు పెట్టి కొట్టిన నాణెం అది. మొలతాడుకు కట్టుకున్న పిల్లలే ఇప్పుడు తాతలు.

కరీంనగర్ అన్నకు ఈసారి గెలిచే ప్రశ్న ఉంచాను: ఏడు సిక్కాలకు ఎన్ని కల్దార్లు? ‘ఆరు!’ అని కేక. నిజాం రాజ్యపు హాలీ సిక్కా ఏడు రూపాయలకు బ్రిటిషు రూపాయలు ఆరు. 1950లలో కూడా ఈ ఊళ్లో రెండూ నడిచాయి. నెల్లూరాయన చప్పట్లు కొట్టారు.

చివరికి అందర్నీ జేబులోంచి నోటు తీయమన్నాను. వెనక వైపు గడిలో పదిహేను భాషలు. మన తెలుగు ఎక్కడుంది? కింది నుంచి రెండోది, ఉర్దూకి పైన. రోజూ చేతులు మారే కాగితమే. చూసినవాళ్లు ఒకరిద్దరు.

జూలై 6

రేపు గోల్కొండలో బోనాలు మొదలు. క్విజ్ లేదు. తర్వాతి వంతు నెల్లూరాయనది. ఈ పుస్తకం ఆయనకే ఇస్తున్నాను కనుక నాలుగు మాటలు.

అన్నయ్యగారూ, ప్రశ్న పెద్ద అక్షరాల్లో రాసి పైకి చూపండి, చెవులు సరిగా లేనివాళ్లు నలుగురున్నారు. నాలుగు జవాబులిచ్చి ఒకటి ఎంచుకోమనకండి. మీ జవాబు చెప్పే ముందు వాళ్ల ఇంట్లో ఏమనేవాళ్లో అడగండి. రోజుకు మూడు ప్రశ్నలు చాలు. సేరు సంగతి మాత్రం మళ్లీ ఎత్తకండి.