హంపన్న రాయి చూడబోయి

మేము కుటుంబసమేతంగా హిందూపురంలో రైలెక్కాం. పెనుకొండ కోటను కిటికీలోంచే చూశాం. ధర్మవరంలో పట్టుచీరల మూటలు ఎక్కాయి, కాళ్లు చాపుకునే చోటే లేకపోయింది. చివరకు గుంతకల్లులో దిగాం.

1893 అక్టోబరు 4 రాత్రి, తెల్ల సైనికులు తరిమిన ఇద్దరు స్త్రీలకు అడ్డు నిలిచి తూటాకు బలైన రైల్వే గేటు కాపరి హంపన్న స్మారకం ఇక్కడే ఉంది. గుత్తి వకీలు కేశవపిళ్లె ఎంత పోరాడినా, మద్రాసు హైకోర్టు విచారణలో నిందితుడు నిర్దోషిగా బయటపడ్డాడు.

ఆ రాతి ముందు మాకు చైనా సంగతి గుర్తొచ్చింది. 1870లో తియాన్‌జిన్ అల్లర్లలో కన్యాస్త్రీలతో సహా ఇరవైమంది వరకు విదేశీయులు హతులయ్యారు. ఫ్రెంచివారి ఒత్తిడితో, గుంపును ఆపలేదన్న నేరానికి ఇద్దరు స్థానిక అధికారులకు ప్రవాసశిక్ష పడింది. గేటు కాపరి కోసం ఒత్తిడి తెచ్చే రాజ్యమేది? అయినా ఈ రాయి నిలిపినవారిలో మనవాళ్లతోపాటు ఐరోపావారూ ఉన్నారు.