కొత్త ఇంజనుకు ఏ కందెన?

కొత్త కారు కొన్నవాడికి కలిగే సందేహాలలో మొదటిది ముహూర్తం గురించి, రెండవది ఆయిలు గురించి. మొదటిదానికి పురోహితుడు ఒక్కడే. రెండవదానికి ఊరంతా పురోహితులే. ఈమధ్య డీజిలు కారు కొని, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెచ్చుకొన్న మా మేనల్లుడు వారం తిరగకుండానే ఫోను చేశాడు. "మామయ్యా, కంపెనీవాళ్ళు పోసిన ఆయిలు తీయించేసి ఖరీదైన సింథటిక్ పోయించమంటున్నారు ఆఫీసులో. లారీల మెకానిక్కేమో కొత్త ఇంజనుకు సింథటిక్ పోస్తే రింగులు కూర్చోవు, మినరల్ ఆయిలే పోయాలంటున్నాడు. ఎవరి మాట వినమంటావు?" ఇద్దరి మాటా వినవద్దన్నాను. కానీ ఎందుకు వినకూడదో ఫోనులో తేలే విషయం కాదు. అందుకే ఈ నాలుగు ముక్కలూ వ్రాస్తున్నాను.

కందెన అన్న మాట మనకు బండి చక్రంతో పాటు వచ్చింది. వరిగడ్డి కాల్చిన మసిలో ఆముదం కలిపి ఇరుసుకు రాసేవారు. ఆముదానికీ మోటారు ఆయిలుకూ చుట్టరికం కూడా ఉంది. 1909లో ఒక ఆంగ్ల కంపెనీ తన ఆయిలులో ఆముదం కలిపి, ఇంగ్లీషులో ఆముదానికున్న 'కాస్టర్' అన్న పేరు మీదుగానే దానికి 'కాస్ట్రాల్' అని పేరు పెట్టింది. ఇరుసైనా ఇంజనైనా కందెన పని ఘర్షణను తగ్గించడమే. అయితే కొత్త ఇంజనుకు తొలిరోజుల్లో కొంత ఘర్షణ అవసరం. చిక్కంతా ఇక్కడే ఉంది.

సిలిండరు లోపలి గోడ అద్దంలా నున్నగా ఉంటుందని చాలామంది అనుకొంటారు. నిజానికి ఒకదానినొకటి అడ్డంగా కోసుకొనే సన్నని ఏటవాలు గీతలను దాని మీద పనిగట్టుకొని గీస్తారు. దీనినే హోనింగ్ అంటారు. ఆ గీతల లోతుల్లో ఆయిలు నిలుస్తుంది. గీతల అంచుల మీద ఉండే సూక్ష్మమైన మొనలను పిస్టను రింగులు తొలి కొన్ని వందల కిలోమీటర్లలో అరగదీసి, తామూ కొంత అరిగి, గోడకు సరిగ్గా ఒదిగిపోతాయి. రింగులు కూర్చోవడం అంటే ఇదే.

రుబ్బురోలు ఎరిగిన వారికి ఇది కొత్త సంగతి కాదు. కొత్త రోలు తెచ్చిన రోజే అందులో మినప్పప్పు వేసేవారు కారు. ముందు ఊకో తవుడో వేసి రుబ్బి, రాతిపొడి పోయేదాకా కడిగి, ఆ తరువాతే పప్పు వేసేవారు. ఏళ్ళ తరబడి వాడి రోలు నున్నబడితే పప్పు నలగదు, జారిపోతుంది. అప్పుడు గాట్లు పెట్టేవాడిని పిలవాలి. సిలిండరు గోడకూ ఈ రెండు గండాలూ ఉన్నాయి. మొనలు అరగకపోతే ఒక బాధ, గోడ నున్నబడితే మరొక బాధ.

డీజిలు ఇంజనులో ఈ విషయానికి ప్రాముఖ్యం మరింత ఎక్కువ. దానికి స్పార్కు ప్లగ్గు లేదు. గాలిని బలంగా అదిమినప్పుడు పుట్టే వేడికే డీజిలు మండుతుంది. రింగుల పక్కనుంచి గాలి జారిపోతే శక్తి తగ్గుతుంది, ఆయిలు పైకి పాకి మండుతుంది, నీలిపొగ వస్తుంది. రింగును గోడకేసి అదిమేది దాని సహజమైన బిగువు కొంత, దాని వెనుకకు చేరే వాయువుల ఒత్తిడి అధికభాగం. ఇంజను మీద భారం పడితేనే ఆ ఒత్తిడి పుడుతుంది. కొత్త బండి కదా అని జాలిపడి గంటలకొద్దీ నిలబెట్టి ఆన్‌లో ఉంచినా, నీరసంగా నడిపినా ఒత్తిడి చాలదు. గోడ మీద మిగిలిన ఆయిలు వేడికి మాడి, వార్నిషులా గీతలను పూడ్చివేస్తుంది. నున్నబడిన రోలు గుర్తుంది కదా, ఇది అదే.

ఇప్పుడు లారీ మెకానిక్కు మాటకు వద్దాము. మినరల్ ఆయిలు సిద్ధాంతం పుట్టడానికి కారణాలున్నాయి. లైకమింగ్, కాంటినెంటల్ వంటి చిన్న విమానాల ఇంజన్లకు నేటికీ సాధారణంగా తొలి 50 గంటలు, లేదా ఆయిలు ఖర్చు ఒక స్థాయికి వచ్చి నిలిచేవరకు, మినరల్ ఆయిలే వాడమంటారు. పాతకాలపు కారు, లారీ ఇంజన్ల విషయంలోనూ ఆ మాటకు విలువ ఉండేది. కానీ నేటి కారు సిలిండర్లలో ఆ మొనలను చాలావరకు కర్మాగారంలోనే కోసివేసి, లోతు గీతలను మాత్రం ఉంచుతున్నారు. రింగులకు మిగిలిన పని తక్కువ. సింథటిక్ పోస్తే రింగులు కూర్చోవన్న మాటే నిజమైతే, 1992 నుండి కొర్వెట్, 1996 నుండి పోర్షా కార్లు కర్మాగారంలోనే సింథటిక్ ఆయిలుతో ఎలా బయటకు వచ్చాయి? అవి పెట్రోలు బళ్ళే, కానీ రింగుల ధర్మం ఒక్కటే.

అలాగని ఆఫీసు మిత్రుల సలహా గొప్పదని కాదు. తొలి వారంలోనే కంపెనీ ఆయిలు తీయించడం వల్ల ఒరిగేది తక్కువ. అరిగిన లోహపు పొడిని పట్టుకోవడానికే ఫిల్టరు ఉన్నది. మనసు ఒప్పక ముందే మార్పించుకొన్నా అదే ప్రమాణపు ఆయిలైతే నష్టమేమీ లేదు, జేబుకు తప్ప. ఘర్షణను మాయం చేస్తామంటూ చిన్న సీసాలలో అమ్మే మందులను మాత్రం ఈ రోజుల్లో దగ్గరకు రానివ్వకూడదు. అసలు కావలసిన ఆ కాస్త ఘర్షణనూ పోగొడతామని కదా వారు చెప్పేది!

ఇక డబ్బా మీది లిపి. 5డబ్ల్యూ-30లో డబ్ల్యూ అంటే శీతకాలం. 5డబ్ల్యూ ఆయిలు మైనస్ 30 డిగ్రీల చలిలోనూ ఇంజను తిరగడానికి అడ్డుపడనంత పలచగా ఉండాలి. లంబసింగిలో కూడా అంత చలి లేదు, ఇక బెజవాడ మాట చెప్పనే అక్కరలేదు. రెండవ అంకె 100 డిగ్రీల వేడిలో ఆయిలు చిక్కదనాన్ని చెబుతుంది. మన ఎండలకు పనికివచ్చేది ఈ అంకె. కాబట్టి కంపెనీ చెప్పినదానికన్నా పలచనిది పోయవద్దు.

కానీ అంకెల కన్నా ముఖ్యమైనవి వాటి పక్కనున్న చిన్న అక్షరాలు. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు వచ్చాక డీజిలు కార్ల పొగగొట్టంలో మసిని పట్టే వడపోత, అంటే డీపీఎఫ్, వచ్చి చేరింది. పట్టిన మసిని అది సుమారు 600 డిగ్రీల వేడిలో కాల్చివేస్తుంది. మసి కాలుతుంది, బూడిద కాలదు. ఆ బూడిద వచ్చేది ఆయిలులోని లోహపు రసాయనాల నుంచే. డీజిలులోని గంధకం పుట్టించే ఆమ్లాన్ని విరచడానికి పాత ఆయిళ్ళలో వాటిని దండిగా కలిపేవారు. గంధకం బీఎస్-4లో పదిలక్షల పాళ్ళకు 50 పాళ్ళు ఉండేది, బీఎస్-6లో 10కి దిగింది. అవసరం తగ్గింది, బూడిద భయం పెరిగింది. ఐరోపా ప్రమాణాలలో ఏ3/బీ4 ఆయిలుకు 1.6 శాతం దాకా బూడిద ఉండవచ్చు. డీపీఎఫ్ కోసం చేసిన సీ2, సీ3 రకాలలో 0.8 శాతం దాటకూడదు. ఆటోనగర్‌లో ముప్పై ఏళ్ళు చేయి తిరిగిన మెకానిక్కు మంచిదని పోసే ఆయిలు అతని కాలపు ఇంజనుకు మంచిదే. ఈ కారులో మాత్రం వడపోతను మెల్లమెల్లగా పూడుస్తుంది. దానిని మార్చవలసి వస్తే అయ్యే ఖర్చు ముందు ఆయిలు డబ్బాల ఖరీదు లెక్కలోకి రాదు. కాబట్టి కారుతో ఇచ్చిన పుస్తకం తెరిచి, అందులో ఉన్న ప్రమాణం అక్షరం పొల్లుపోకుండా డబ్బా మీద ఉన్నదో లేదో చూడండి. మినరలా సింథటికా అన్న ప్రశ్న దానితోనే తేలిపోతుంది.

ఆయిలు సంగతి ఇంతే. మిగిలినది కాలి కింద ఉంది. తొలి 1000 కిలోమీటర్లు, లేదా పుస్తకం చెప్పినంత దూరం, యాక్సిలరేటరు పూర్తిగా తొక్కవద్దు. అలాగని పెద్ద గేరులో మూలుగుతూ లాగించవద్దు. హైదరాబాదు నుండి విజయవాడ దాకా ఒకే వేగంతో సాగిపోవడం కూడా ఈ దశలో మంచిది కాదు, వేగం మారుస్తూ ఉండాలి. ఇంజను వేడెక్కాక మధ్యమధ్య కాస్త భారం ఇచ్చి, మళ్ళీ వదలాలి.

వారానికొకసారి చదునైన నేల మీద ఆపి డిప్‌స్టిక్ చూడండి. ఆయిలు కొంచెం తగ్గితే కంగారు వద్దు, రింగులు ఇంకా కూర్చుంటున్నాయన్నమాట. నల్లబడితే అసలే వద్దు, మసిని ఒంటబట్టించుకోవడం డీజిలు ఆయిలు విధి. పూర్వం మనమే కలిపే మసిని ఇప్పుడు ఇంజను కలుపుకొంటుంది, అంతే తేడా. పెరిగితే మాత్రం ఊరుకోకూడదు. ఊళ్ళో చిన్నచిన్న దూరాలే తిరిగే కారులో డీపీఎఫ్ శుద్ధి మధ్యలో ఆగిపోతూ ఉంటే, అందుకోసం చల్లిన డీజిలు కిందికి జారి ఆయిలులో కలుస్తుంది. పై గీత దాటిన ఆయిలు నిండుదనానికి గుర్తు కాదు, పలచబడిందనడానికి గుర్తు. ఆ రోజే సర్వీసు సెంటరుకు తీసుకువెళ్ళాలి.