నూకుడుబండి

ఇంగ్లండులో పుష్‌చెయిర్ అనీ, అమెరికాలో స్ట్రోలర్ అనీ, మన హనుమకొండ దుకాణాల్లో ప్రామ్ అనీ పిలిచే వస్తువుకు తెలుగులో ఏమని పేరు పెట్టాలా అని కొన్నాళ్లు తర్జనభర్జన పడ్డాను. తోపుడుబండి అందామంటే వంకాయలూ బెండకాయలూ కళ్లముందు మెదులుతాయి. శిశుశకటం అనే మాట చెవికి ఇంపుగానే ఉంది కానీ, వెంటనే శకటాసురుడు జ్ఞప్తికి వస్తాడు. పసిపిల్ల కూర్చునే బండికి ఆ పేరు క్షేమం కాదు. మా ఓరుగల్లు ప్రాంతంలో నెట్టడాన్ని నూకడం అంటాం. ఆగిపోయిన స్కూటరును నూకుతాం, బిగుసుకున్న తలుపును నూకుతాం. కనుక దీనికి నూకుడుబండి అని నామకరణం చేశాను. ఇంతకంటె మంచి మాట స్ఫురించినవారు చెబితే సంతోషంగా మార్చుకుంటాను.

పేరు దొరికినంత సులువుగా బండి దొరకలేదు. మా అబ్బాయీ కోడలూ ఇద్దరూ ఉద్యోగస్థులు. పొద్దున 9 గంటల నుంచి సాయంత్రం 6 దాకా, తొమ్మిది నెలల మనుమరాలు మా దంపతుల సంరక్షణలో ఉంటుంది. సంరక్షణ అంటే ప్రధానంగా మోయడమే. ఆ వయసు పిల్లకు నేల కంటె నానమ్మ చంక ప్రియమైన చోటు. పిల్ల బరువు 8 కిలోలు దాటింది. నానమ్మ వయసు 62 ఏళ్లు దాటింది. కుడి మోకాలు వాచి, మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవలసిన స్థితి వచ్చాక వైద్యుని దగ్గరికి వెళ్లాం. ఆయన ఎక్స్‌రే చూసి, కీలు అరుగుతోందన్నారు. మందులు రాసి, బిడ్డను చంకనెత్తుకుని తిరగడం మానుకోమన్నారు. మా శ్రీమతి మందులకు తల ఊపింది గానీ, ఆ చివరి మాటకు ముఖం చిన్నబుచ్చుకుంది. ఇల్లు చేరేదాకా ఆటోలో ఒక్క మాటా మాట్లాడలేదు.

నేను నూకుడుబండి ప్రస్తావన తెచ్చినప్పుడు ఆమె అన్న మాట ఇది: "మన పిల్లకు చంక కరువైందా? కూరగాయల లెక్క బండ్లె పెట్టి ఊరంత తిప్పుతరా?"

ఆ ఆక్షేపణను తేలికగా తీసిపారేయలేకపోయాను. మన ఇళ్లలో బిడ్డకూ బండికీ ఉన్న సంబంధం వేరు. నడక నేర్చే పిల్లకు మూడు చక్రాల చెక్కబండి కొనిస్తాం. పిల్ల దాన్ని పట్టుకుని నూకుతూ అడుగులు వేస్తుంది. అంటే మన దగ్గర బండిని నూకేది బిడ్డ. బిడ్డను బండిలో కూర్చోబెట్టి పెద్దలు నూకడం సీమదేశపు పద్ధతి. నానమ్మ, అమ్మమ్మ, మేనత్త, ఎదురింటి అక్క, పక్కింటి వదినె, అందరూ ఎత్తుకునే రోజుల్లో మనకు చక్రాల అవసరం రాలేదు. అలా నాలుగైదు చంకలు మారుతూ పెరిగే బిడ్డ ఈవేళ ఒక్క చంకకు వచ్చింది. ఆ ఒక్క చంకా ఒక అరిగిన మోకాలి మీద ఆధారపడి ఉంది. మా సమస్య యావత్తూ ఇదే.

ఏ వస్తువునైనా కొనేముందు దాని పుట్టుపూర్వోత్తరాలు తెలుసుకోవడం నాకు అలవాటు. ఈ బండ్ల కథ 1733లో, విలియం కెంట్ అనే ఆంగ్ల శిల్పి డెవన్‌షైర్ ప్రభువు పిల్లల కోసం చేసిన బండితో మొదలుపెడతారు. దాన్ని మనుషులు నూకరు. మేకనో పొట్టిగుర్రాన్నో కట్టి లాగిస్తారు. 1889లో విలియం రిచర్డ్‌సన్ అనే అమెరికన్ నల్లజాతి ఆవిష్కర్త, బిడ్డను ముందువైపుకూ, నూకేవారి వైపుకూ తిప్పుకోగల బండికి పేటెంటు పొందాడు. ఈ సంగతిని గుర్తుపెట్టుకోండి; మా ఇంట్లో పేచీ దీని దగ్గరే వచ్చింది.

మడతబండిని కనిపెట్టిన ఓవెన్ మెక్‌లారెన్ కథ నాకు మరీ నచ్చింది. ఆయన విమాన ఇంజనీరు. రెండవ ప్రపంచయుద్ధంలో పేరుమోసిన స్పిట్‌ఫైర్ విమానపు చక్రాల అమరికలో ఆయన పని ఉంది. పసిబిడ్డతో విదేశం నుంచి వచ్చిన కూతురు బరువైన బండితో పడే అవస్థ చూసి, అల్యూమినియం గొట్టాలతో గొడుగులా ముడుచుకునే బండిని రూపొందించి 1965లో పేటెంటుకు దరఖాస్తు చేశాడు. 1967లో అది అంగళ్లకు వచ్చింది. బరువు సుమారు 2.7 కిలోలే. విమానం గాలిలోకి లేవగానే కాళ్లు ముడుచుకోవాలి. నేల తాకే ముందు చాచి గట్టిగా బిగుసుకోవాలి. ఈ బండి విద్యా అదే. గొట్టాలు కత్తెరలా ఒకదాన్నొకటి అడ్డంగా దాటుతాయి కనుక నాలుగు వైపులా ఒక్కసారే దగ్గరకు వచ్చి కట్టెలమోపులా అవుతుంది. మనుమసంతానం కోసం ఒక తాత పడిన తపన అని తెలిశాక, నేను బండి వెతకడం మగవాని పని కాదని నవ్వినవారికి చెప్పడానికి నాకొక జవాబు దొరికింది.

ఇక మా ఊరి సంగతి. ఈ బండ్లు పుట్టిన దేశాల్లో చదునైన కాలిబాట ఉంటుందన్న నమ్మకం మీద వాటి చక్రాలు తయారవుతాయి. హనుమకొండ చౌరస్తాలో కాలిబాట ఉన్నచోట మోటారుసైకిళ్లు నిలబడి ఉంటాయి. లేనిచోట మురుగుకాలువ మీద పరచిన బండలుంటాయి, బండకూ బండకూ మధ్య చక్రం దిగబడేంత సందుంటుంది. మేముండేది నక్కలగుట్టలో రెండో అంతస్తు. లిఫ్టు లేదు. కనుక నేను దుకాణానికి వెళ్లేముందు కాగితం మీద, పిల్ల ఎక్కడెక్కడికి వెళుతుందో రాసుకున్నాను. సాయంత్రం వీధి చివర దాకా. వారానికొకసారి భద్రకాళి చెరువు కట్ట. పండగనాడు వేయిస్తంభాల గుడి. టీకాలకు ఆటోలో ఆసుపత్రి. అప్పుడప్పుడు కాజీపేట స్టేషనులో రైలెక్కి, సికింద్రాబాదులో అమ్మమ్మ ఇల్లు. ఈ అయిదు ప్రయాణాల్లో చక్రాల మీద దొర్లేది ఎంత, మడిచి చేత పట్టుకునేది ఎంత అని లెక్క వేస్తే, బండి మమ్మల్ని సుఖపెట్టే దూరం కంటె మేము బండిని మోసే దూరమే ఎక్కువని తేలింది. అందుచేత మొదట పరీక్షించవలసింది బండి మడతనే.

దుకాణానికి వెళుతూ గుడ్డసంచిలో 8 కిలోల బియ్యం పట్టుకెళ్లాను. ఖాళీ బండి ఏదైనా నున్నగానే సాగుతుంది, దాని గుణం బరువుతోనే బయటపడుతుంది. ఒక్కొక్క బండిలో బియ్యం సంచిని కూర్చోబెట్టి, పటకాలు బిగించి, గడప దాటించి, ముందున్న కాలువబండల మీద తిప్పుతుంటే దుకాణదారు కాసేపు చూసి, "సార్, మీరు బండి కొనొచ్చిండ్రా, బియ్యం అమ్మొచ్చిండ్రా?" అన్నాడు. ఆ తరువాత ఓపికగానే అన్నీ చూపించాడు. పక్కనే ఉన్న వాకరు చవక అని అదీ చూపించబోయాడు. కూర్చోబెట్టి వదిలేసే ఆ చక్రాల వాకర్లు మెట్ల మీద నుంచి దొర్లిపడే ప్రమాదం వల్ల కెనడాలో 2004 నుంచి నిషిద్ధం. దాన్ని వద్దన్నాను.

బియ్యం సంచి కొన్ని పాఠాలు చెప్పింది. చిన్న చక్రాల బండి సందులో పడి మొరాయిస్తే, పెద్ద చక్రాల బండి దాటుతుంది. కానీ చక్రం పెరిగినకొద్దీ బరువు పెరుగుతుంది. ముందు చక్రాలు అన్ని వైపులా తిరిగేవైతే నున్నటి నేల మీద హాయి. గతుకుల్లో వాటిని తిన్నగా బిగించే మీట ఉండాలి. పటకాలు భుజాలకు రెండు, నడుముకు రెండు, కాళ్ల మధ్య ఒకటి, మొత్తం అయిదు ఉండాలి. నడుముకు మాత్రమే ఉంటే పిల్ల కిందికి జారుతుంది. పిడికి కూరల సంచి తగిలిస్తే, పిల్లను దింపిన మరుక్షణం బండి వెల్లకిలా పడుతుంది. ఇంకా కూర్చోవడం రాని పసికందుకైతే వీపు దాదాపు నేలకు సమంగా వాలే బండి కావాలి. మా పిల్ల కూర్చుంటుంది కనుక ఆ చిక్కు లేదు.

మడత విషయంలో దుకాణదారు నైపుణ్యాన్ని నమ్మవద్దు. అతడు ఒక్క క్షణంలో మడిచి చూపిస్తాడు. రోజుకు పదిసార్లు చేసేవాడాయె. మేము మా శ్రీమతి చేతనే మడిపించాం. కొన్నిటికి కింద కాలితో తొక్కే మీట ఉంది. అది వాచిన మోకాలికి పనికిరాదు. పిడి దగ్గరే ఉన్న మీటను ఆమె మూడో ప్రయత్నంలో నొక్కగలిగింది. విప్పినప్పుడు రెండు తాళాలు పడాలి, రెంటి చప్పుడూ వినబడాలి. ఇంకొక జాగ్రత్త: 2009 నవంబరులో అమెరికాలో మెక్‌లారెన్ కంపెనీవే దాదాపు 10 లక్షల బండ్లను వెనక్కి పిలిచారు. బండి విప్పుతుండగా కీలులో చిక్కి పిల్లల వేలికొసలు తెగిన సంఘటనలు 12 నమోదయ్యాయి. కీళ్లకు తొడుగు ఉందో లేదో చూడండి. ఉన్నా సరే, బండి విప్పేటప్పుడూ మడిచేటప్పుడూ పిల్ల చేతికందే దూరంలో ఉండరాదు.

అంతా అయ్యి, 5 కిలోల తేలికైన గొడుగు మడతబండిని ఖాయం చేయబోతుండగా మా శ్రీమతి అడిగింది: "పిల్ల నా దిక్కు చూస్తదా, రోడ్డు దిక్కు చూస్తదా?"

రోడ్డు దిక్కే చూస్తుంది. తేలిక బండ్లు చాలావరకు అంతే. "అట్లయితే నేనెవలతోని మాట్లాడాలె?" అంది. అప్పటిదాకా నేను బరువు గురించి ఆలోచించాను. ఆమె ముఖం గురించి ఆలోచించింది. చంకలో ఉన్న పిల్లకు నానమ్మ ముఖం జానెడు దూరంలో ఉంటుంది. కాకినీ, కుక్కనూ, పాలపాకెట్ల వ్యానునూ చూపిస్తూ రోజంతా ఆమె చెప్పే మాటలన్నీ ఆ జానెడు దూరంలోనే జరుగుతాయి. డండీ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్రవేత్త సుజాన్ జీడిక్ 2008లో బ్రిటన్‌లో జరిపిన పరిశీలనలో, బిడ్డ ఎదురుగా ఉండే బండ్లు నూకే తల్లిదండ్రులు, ముందుకు చూసే బండ్లవారి కంటె రెట్టింపుగా బిడ్డలతో మాట్లాడుతూ కనిపించారు. మా శ్రీమతి ఆ పరిశీలనను చదవలేదు, అవసరమూ లేదు.

పిడిని అటునుంచి ఇటు తిప్పితే పిల్ల ముఖం మన వైపుకు వచ్చే బండి ఒకటుంది. వెల 4,000 రూపాయల చిల్లర, అదీ అందుబాటే. కానీ బరువు దాదాపు 8 కిలోలు. పిల్లా బండీ కలిస్తే 16 కిలోలు, రెండంతస్తుల మెట్లు. ఇక్కడ రెండు రోజులు ఆగిపోయాం. చివరకు దారి చూపింది మా కోడలు. "బండి పైకెందుకు రావాలె మామయ్యా? కిందనే ఉంటది" అంది. నిజమే. మెట్ల కింద కరెంటు మీటర్ల పక్కన అడుగున్నర వెడల్పు జాగా ఉంది. టేపుతో కొలిచి, మడిచాక పడిపోకుండా తనంతట తాను నిలబడగలదని చూసుకుని, ఇంటి యజమాని అనుమతి తీసుకుని, ఒక గొలుసూ తాళమూ కొన్నాం. పిల్లను మెట్లు దింపి ఎక్కించే పని నాది. ఆటో, రైలు ప్రయాణాల్లో బండి మోసే పని మా అబ్బాయిది. మాట్లాడే పని నానమ్మది.

ఇప్పుడు మూడు నెలలైంది. ఆటోలూ బస్సులూ పొగ వదిలే ఎత్తులోనే బండిలోని పిల్ల ముక్కు ఉంటుంది కనుక పెద్ద రోడ్డెక్కం. చెరువుకట్ట మీది నడకదారిలో చక్రాలు చక్కగా సాగుతాయి. ఎండ తగలకూడదని బండి మీద పొడిగుడ్డ కప్పడం చూస్తుంటాం. దానివల్ల లోపల గాలాడక వేడి పెరుగుతుంది. మేము ఎండ తగ్గాకే బయలుదేరుతాం. వేయిస్తంభాల గుడి దగ్గర మాత్రం బండి మడవక తప్పదు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. ఎత్తైన నక్షత్రాకారపు అరుగూ, రాతిమెట్లూ చక్రాల మాట వినవు. అక్కడ నేను పిల్లను ఎత్తుకుంటాను. మా శ్రీమతి మెట్టు మెట్టుకూ ఆగుతూ పైకి వచ్చి, స్తంభానికి ఆనుకుని కూర్చుని చేతులు చాపుతుంది. చంకకు మోకాలు కావాలి, ఒడికి అక్కరలేదు.

"పిల్ల నా చంక మర్చిపోతదేమో" అని మొదట్లో ఆమె భయపడింది. మరచిపోలేదు, బండి దిగగానే చేతులెత్తి అటే చూస్తుంది. ఆ చూపు చూసినప్పుడల్లా, వైద్యుని మాట పాటించడం ఆమెకు ఎంత కష్టమో నాకు అర్థమవుతుంది. బండి ఆ కష్టాన్ని తీర్చలేదు, మోకాలి వాపును మాత్రం కొంత తీసింది.

మీ ఇంట్లోనూ ఇటువంటి అవసరం వస్తే, పిల్లను కొలిచే ముందు నూకేవారిని కొలవండి. వారి ఎత్తు, వారి మోకాలు, వారు ఎక్కవలసిన మెట్లు చూడండి. ఆ తరువాత, నడిచేటప్పుడు వారు ఎవరితో మాట్లాడాలనుకుంటున్నారో అడగండి.