ఉడుకు గాలి పారబోస్తున్నరట!

అన్నా, అక్కా, సిరిసిల్ల జిల్లా ఎల్లంతకుంట అంటే మీకేం యాదికొస్తది? ఏం రాదా? పోనీ, తిప్పాపూర్? గది గూడ తెల్వదంటే మీతోని ముచ్చట కష్టమే. మా మండలంలనే ఉన్నది తిప్పాపూర్ పంపుహౌసు. మిడ్ మానేరు నీళ్లు సొరంగంల వస్తయ్. నాలుగు మోటర్లు, ఒక్కోటి 106 మెగావాట్లది, ఆ నీళ్లను ఎత్తి అనంతగిరి కాడ అన్నపూర్ణ జలాశయంల పోస్తయ్. అది 3.5 టీఎంసీలు పడతది. 2020ల నిండుడు షురువైంది.

నాకు ఒక్కటే కిరికిరి. గంత కరెంటు తాగి పైకెక్కిన నీళ్లు తిరిగి కరెంటు ఎందుకియ్యయ్? ఇయ్యయ్. వాటికి వేరే పనున్నది. రంగనాయకసాగర్‌కు పోవాలె, పొలాలకు పారాలె. అదే శ్రీశైలం ఎడమగట్టు సూడుండ్రి. ఆరు మిషన్లు, 150 మెగావాట్ల చొప్పున. అవసరమున్నప్పుడు కరెంటిస్తయ్, మిగిలినప్పుడు ఉల్టా తిరిగి నీళ్లను మీదికి తోడుతయ్. నాగార్జునసాగర్‌ల గూడ గసొంటియే ఉన్నయ్. కరెంటును నీళ్ల రూపంల దాసుకునుడు అన్నమాట.

"నీకెందుకయ్యా కరెంటు ముచ్చట?" అంటున్నరు కదా? సిరిసిల్లోళ్లం మేము మాట్లాడక ఇంకెవరు మాట్లాడాలె! 1970 నుంచి మాకు సొంత కరెంటు సహకార సంఘమున్నది, సెస్. బిల్లు మాదే, లొల్లి మాదే. బట్ట నేసే సాంచాల టకటకలల్ల పెరిగినోళ్లం. కరెంటు పోతే ఊరు ఎంత నిశ్శబ్దమైతదో మీకేం తెలుసు!

సరే, అసలు ముచ్చటకొస్త. నీళ్లొక్కటే కాదు, ఉడుకును గూడ దాసుకోవచ్చునట. ఫిన్లాండ్‌ల పోర్నైనెన్ అని ఓ చిన్న ఊరు. 2025ల అక్కడ 13 మీటర్ల ఎత్తు గోళెం ఒకటి నిలబెట్టిన్రు. అండ్ల 2,000 టన్నుల రాయిపొడి. ఏం రాయో తెలుసా? బలపం రాయి! మనం పలక మీద రాసినం సూడుండ్రి, అదే జాతి. కరెంటు చవకగున్నప్పుడు ఆ పొడిని ఉడికిస్తరు, చలేసినప్పుడు ఆ ఉడుకును ఇండ్లకు పంపుతరు. 100 మెగావాట్‌అవర్ల ఉడుకు పడతదట. మనం అక్షరాలు దిద్దిన రాయి ఊరినే ఎచ్చగుంచుతున్నది, ముద్దొస్తలేదా?

గా దేశంలనే మంట్సాలా అనే ఇంకో ఊరున్నది. అక్కడ డేటా సెంటర్ల కంప్యూటర్లు ఇడిసే ఉడుకు గాలితోని ఇండ్లు ఎచ్చగైతయ్. మీరు రీల్స్ సూస్తుంటే ఫోను ఎనుక సుర్రుమంటది కదా, గసొంటిది లక్షల పెట్టెలల్ల ఏకంగా జరుగుతదన్నట్టు. కంప్యూటర్ తిన్న కరెంటు ఆఖరుకు మొత్తం ఉడుకే. ఇంకేమీ కాదు.

ఇగ మన దిక్కు సూడుండ్రి. చందన్‌వెల్లిల అమెజాన్, మేకగూడల మైక్రోసాఫ్ట్ డేటా సెంటర్లున్నయ్. 2025 అక్టోబర్‌ల గూగుల్ ఇశాఖపట్నంల 15 బిలియన్ డాలర్లు పెడతమని చెప్పింది, గిగావాట్ అంత పెద్దది కడతరట. మా తిప్పాపూర్ నాలుగు మోటర్లు కలిపితే 424 మెగావాట్లు, అదేమో వెయ్యి! ఆ ఉడుకంతా ఏడికి పోవాలె? మన దగ్గర ఇల్లు ఎచ్చగ జేసుకునేటోళ్లు ఎవరున్నరు? కూలర్ల నీళ్లు పోసుకోనీకే పానం పోతది మనకు.

అయితే దాంతోని కరెంటే తీయొచ్చు కదా అంటరు. తీయొచ్చు, గని నేరుగ తీస్తే చిల్లర గూడ రాదు. 40 డిగ్రీల గాలి, బయట 30 డిగ్రీలనుకోండ్రి. ఎంత మొనగాడి మిషనైనా వందకు మూడుంబావు పాళ్లు దాటది. 1824లనే కార్నో అనే ఫ్రెంచి ఇంజనీరు ఈ గీత గీసిపోయిండు. ఇప్పటిదాక ఎవ్వడూ దాటలే.

గని ఆ గీతలనే ఒక మెలిక ఉన్నది, నాకు శానా ఇష్టమైన మెలిక. అగ్గువ కరెంటున్నప్పుడు హీట్‌పంపుతోని, అంటే ఉడుకును తోడే మిషన్‌తోని, ఆ 40 డిగ్రీల ఉడుకును 120కి ఎత్తి దాసిపెట్టు. రాత్రి దాంతోని టర్బైన్ తిప్పు. బాయిల నీళ్లు మీదికున్నప్పుడు తాడు పొట్టిగనే సరిపోతది సూడుండ్రి, గట్లనే ఎత్తే కష్టం తక్కువైతది. కార్నో లెక్కన యూనిట్ కరెంటుకు ఐదు యూనిట్లకు జరంత తక్కువ ఉడుకొస్తది. ఆ ఉడుకుల వందకు 23 పాళ్లు తిరిగి కరెంటైతది. గుణించుండ్రి. 1.12! పెట్టినదానికన్నా ఎక్కువ! ఉత్త బయటి గాలితోనైతే సరిగ్గ ఒక్కటే వస్తది. ఆ మీది 12 పైసలు కంప్యూటర్లు పారబోసిన ఉడుకు ఇచ్చినయే. దీన్నే కార్నో బ్యాటరీ అంటరు.

ఎగిరి గంతెయ్యకుండ్రి. కాగితం మీది మిషన్ వేరు, ఇనుప మిషన్ వేరు. రెండు మిషన్లూ ఆ లెక్కల సగం పనే చేసినయనుకుంటే, పావు కన్న జరంత ఎక్కువ చేతికొస్తది. మే నెలల మన ఎండ 42 దాటినప్పుడైతే ఆ గాలికన్న బయటి గాలే ఉడుకు! అప్పుడు మనమే డేటా సెంటర్‌కు ఉడుకు అమ్మాలె.

మరి ఎందుకు గింత సంబురం అంటరా? ఇప్పటి ఏఐ చిప్పులను నీళ్లతోని సల్లబరుస్తున్నరు. 45 డిగ్రీల నీళ్లు లోపటికి పంపినా పర్వాలేదట, బయటికి ఇంకింత కాగి వస్తయ్. బాయి ఇంకా నిండినట్టే.

ఇంకోటి. దాసిన ఉడుకంతా కరెంటే కావాలని ఎవరన్నరు? నన్నడిగితే ముందు ఉడుకును ఉడుకుగనే వాడాలె. కొనుగోలు సెంటర్ల వడ్లు 17 శాతం తేమకు దిగేదాక కొనరు. కల్లంల ఆరబోసుడు, మబ్బు పట్టంగనే టార్పాలిన్ కప్పుడు, మళ్ల తీసుడు. వడ్లు ఆరనీకె 40 డిగ్రీల గాలి సాలు, డేటా సెంటర్లల్ల పారబోసేది గదే గాలి! సిరిసిల్ల అద్దకం కార్ఖానలకు కాగే నీళ్లు గావాలె. గీళ్లందరి పక్కపొంటి ఒక డేటా సెంటర్ పెడితే ఏం పాయె? మేకగూడ దిక్కే ఏం తేనె కారుతున్నది?

పసుపుకైతే కాగిన నీళ్లు, ఆవిరి గావాలె, ఉత్త గాలితోని కొమ్ములు ఉడకయ్. ఆ బలపం రాయి గోళెం ఉంటే అదేం పెద్ద లెక్క కాదు. మీరు కోరుట్ల, మెట్‌పల్లి దిక్కు పసుపు రైతులైతే జర చెప్పుండ్రి, ఈసారి పసుపు ఉడకబెట్టే బాయిలర్ కిరాయి ఎంతైంది?